పెరటి తలుపు మూయించింది నేనే

ముప్పై ఏళ్ళుగా ఒక అబద్ధం నా గుండె మీద కూర్చుని ఉంది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ప్రభవ సంవత్సరం, శ్రావణం. పాచిపెంట ఘాటీ కింద సంతవూళ్ళో మా పెంకుటిల్లు. ఒక గది అద్దెకిచ్చేదాన్ని. ఆ ఏడు ఊరి బాగోగులు చూసే సర్కారీ యూనియన్ కచేరివాళ్ళు నీటికీ మురుగుకాలువకీ పన్ను వేశారు. బయటికి ఎన్ని తలుపులుంటే అన్ని ఇళ్ళని వాళ్ళ లెక్క. నా గుమ్మం, అద్దెగది గుమ్మం, ఆ గది పెరటి తలుపు: మూడిళ్ళు, ఏడాదికి నాలుగున్నర రూపాయలు. కుళాయి లేదు. కాలువ మా వీధిదాకా రానేలేదు. రెండు అర్జీలు పెట్టాను, జవాబు రాలేదు. పెరటి తలుపు పూడిస్తే ఒక ఇల్లు తగ్గుతుందని గుమాస్తా చెప్పాడు.

ఆ గదిలో కొండ మీది నుంచి వచ్చిన దంపతులుండేవారు. అతను ఘాటీ దారిలో కావిడి మోసేవాడు. ఆమె చిలకమ్మ, నిండు నెలలు. తలుపు పూడ్చడానికి కూలీ మట్టి కలుపుతుంటే వచ్చి నిలబడింది.

"అమ్మా, పురుటిది పెద్ద గుమ్మం దాటకూడదు, పెరటి తలుపునే మసలాల. మాకు తప్పు. పురుడు తీరీదాకా ఆగు తల్లీ."

"మీ దేవత దిగొచ్చి నా పన్ను కడతాదేటి?"

ఆమె నవ్వింది. "దేవతకే మేం కోడి బాకీ ఉన్నామమ్మా."

నేను నవ్వలేదు. సాయంత్రానికి తలుపు పోయింది.

మర్నాడు ఆమె మూట కట్టుకుని, పురుటికి తల్లిగారి ఊరికని, వానలోనే ఘాటీ ఎక్కింది. మొగుడు బరువుకి వెళ్ళి ఉన్నాడు. తర్వాత అతనొక్కడే వచ్చాడు, కుండలకోసం.

"ఆడగుంట దారిలోనే పుట్టిందమ్మా. వానకి బతకనేదు. చిలకమ్మ ఇంక కిందికి రానంటంది." పూడ్చిన గోడను చేత్తో తడిమాడు. "అది సెప్పనేదు, ఇదెవులు మూసీసారమ్మా?"

"యూనియన్ వాళ్ళు."

"సరకారోలు. ఏటి సేత్తాం," అని నాకు దండం పెట్టి వెళ్ళాడు.

పన్ను అన్యాయమే. ఇప్పుడూ అంటాను. కానీ నాకు జరిగిన అన్యాయాన్ని అడ్డం పెట్టుకుని, నేను చేసినదాన్ని దాని నెత్తిన వేసి, ఆ దండం ఎలా తీసుకున్నాను? మూణ్ణెల్లు ఆగితే నాకు పోయేది ఆరణాలు. ఆ లెక్క ఆ రోజు చెయ్యలేదా? చేశాను. చేసే మూయించాను.

వాళ్ళ ఊరు నాకు తెలుసు. ఒక్కసారీ వెళ్ళలేదు. ఇప్పుడు ఘాటీ ఎక్కే ఓపిక లేదు.

తలుపు మూయించింది యూనియన్ వాళ్ళు కాదు. నేను.