చంద్రుడి తొందరకు బాధ్యులు

తప్పు ఎవరు చేసినా, ఎక్కడ చేసినా, ఆఖరికి ఎవరూ చేయకపోయినా, అది తనదేనని ఒప్పేసుకోవడం ముద్దాయిగారి అలవాటు. పొద్దున్నే కాఫీ పడకపోతే కొందరికి తోచనట్టు, ఒక నేరం ఒప్పుకుంటే గానీ ఆయనకు ఒళ్లు తేలికపడదు. అసలు పేరు జీతాల కాగితంలో ఉండేది. ఆఫీసులో మాత్రం అందరికీ ముద్దాయిగారే.

లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోతే, "నాదేనండీ తప్పు. ఎక్కేటప్పుడు గట్టిగా తుమ్మాను" అనేవారు. వాన పడితే, "గొడుగు ఇంట్లో మరిచిపోయి వచ్చాను. పడక ఏం చేస్తుంది పాపం?" అనేవారు. ఒకసారి ఇంటి ఎదురుగా ఎవరి కారో చెట్టుకు గుద్దుకుంటే, కిటికీలోంచి చూసి చెప్పులు వేసుకుని బయల్దేరారు.

"ఎక్కడికండీ?" అంది భార్య.

"ఒక్కసారి కనపడి వస్తాను. తిట్టడానికి వాళ్లకు ఎవరో ఒకరు ఉండాలి కదా!"

ఆయన భార్య ఓ రోజు ఆఫీసుకు వచ్చి అక్కయ్య దగ్గర గోడు వెళ్లబోసుకుంది. "పాతికేళ్ల కాపురం అక్కయ్యగారూ. సరదాకైనా ఒక్క పోట్లాట లేదు. నేను నోరు తెరిచేలోపే ఒప్పేసుకుంటారు. నోటి దురద తీరాలంటే పక్కింటికి వెళ్లాల్సి వస్తోంది."

అక్కయ్య అంటే ఆ ఆఫీసులో ఆటలు ఆడి తప్పులు పట్టే ఆవిడ. ముద్దాయిగారికంటే పదేళ్లు చిన్న, అయినా ఆయన కూడా అక్కయ్యగారనే పిలిచేవారు. టీవీకి తగిలించుకునే కన్సోల్ కోసం ఓ పెద్ద కంపెనీ తయారుచేసిన ఆటలను మామూలు కంప్యూటర్లలో ఆడుకునేలా మార్చడం ఆ ఆఫీసు పని. మార్చేది ముద్దాయిగారు, ఆడి చూసేది అక్కయ్య. తెరల మీద వెలుతురు పడకుండా కిటికీలన్నీ మూసి ఉండేవి గనక, ఆ గదిలో రోజంతా సాయంకాలమే.

ఆ ఏడు వచ్చిన ఆటంతా ఒక సరస్సు. ఒక ముసలమ్మ పడవలో కూర్చుని, నీళ్లలో రాలిన నక్షత్రాలను చిన్న వలతో ఏరుకుంటూ ఉంటుంది. ఎవరూ తరమరు, ఎవరూ చావరు. చంద్రుడు ఒళ్లు విరుచుకుంటూ లేచి, అంతే తీరిగ్గా దిగుతాడు. రెండు నెలలు అక్కయ్య ఆ సరస్సులోనే ఉండిపోయింది. ఇంటికి వెళ్తుంటే మెట్లు మెల్లగా ఊగుతున్నట్టుండేవి. కూర కలుపుతుంటే గరిటెకు నక్షత్రం తగులుతుందేమోనని అనిపించేది.

ఆట అమ్మకానికి వచ్చిన మర్నాడే జనం విరుచుకుపడ్డారు. "ముసలమ్మ పడవ మోటారు సైకిల్‌లా దూసుకుపోతోంది!" అని ఒకరు. "ఒక్క నక్షత్రం ఏరేలోపు తెల్లారిపోతోంది" అని ఇంకొకరు. "మీ చంద్రుడు ఏ రైలు అందుకోవాలండీ?" అని మరొకాయన మర్యాదగానే అడిగాడు.

సంగతేమిటంటే, కన్సోల్ సెకనుకు ముప్ఫై బొమ్మలు చూపిస్తుంది. ఆటలోని గడియారం సెకన్లను కాకుండా ఆ బొమ్మలనే లెక్కపెట్టుకుంటోంది. కొత్త కంప్యూటర్లు నూట ఇరవై బొమ్మలు చూపిస్తాయి. దాంతో చంద్రుడికి నాలుగింతల తొందర పుట్టింది.

ప్రతి ఆటనూ ఒక పాత కంప్యూటరులో, ఒక కొత్త కంప్యూటరులో ఆడి చూసి, రెండు గళ్లలోనూ టిక్కు పెట్టాలని ఆఫీసు నియమం. అక్కయ్య పాత కంప్యూటరు ఆయాసపడుతూ సరిగ్గా ముప్ఫై దగ్గరే ఆగేది. కొత్తదా? అది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. ఆ పెట్టె ఆమె బల్ల కింద, కాళ్లు పెట్టుకునే పీటగా స్థిరపడింది. రెండో టిక్కు ఆమె దాని మీద కాళ్లు చాపుకునే పెట్టింది.

మేనేజరు అందరినీ పిలిచాడు. చేతిలో బాధ్యుల పుస్తకం. ఆఫీసులో జరిగిన ప్రతి తప్పునూ, దానికి బాధ్యులెవరో అందులో రాయాలి.

"ఆట తయారుచేసినవాళ్లు, మార్చిన మనదే తప్పంటున్నారు. గడియారం అలా పెట్టిందే వాళ్లని మనమంటున్నాం. తొందరపెట్టింది అమ్మేవాళ్లని ఇద్దరం అంటున్నాం. ఆట తయారుచేసినవాళ్లకు సాయంత్రంలోగా మనలో ఒక్క పేరు కావాలట. ఆ మనిషి ఇక వాళ్ల ఆటలు ముట్టుకోకూడదు."

ఆ ఆఫీసుకు వచ్చేవన్నీ వాళ్ల ఆటలే. అంటే ఆ మనిషి ఇంటికి పోవడమే. అక్కయ్యకు గది మళ్లీ పడవలా ఊగింది.

"నాదేనండీ" అన్నారు ముద్దాయిగారు లేచి.

"కూర్చోండి సార్! మీరు కాకుండా!" మేనేజరు పుస్తకం తెరిచి ఊపాడు. "లిఫ్టు, మీరే. వాన, మీరే. వానండీ! వాన కురిపించిన మనిషి పేరు పంపిస్తే వాళ్లు నమ్ముతారా?"

అక్కయ్య లేచి నిలబడింది. "నాది. కొత్త కంప్యూటరు నా కాళ్ల కింద పెట్టెలో ఉంది. ఆడకుండానే టిక్కు పెట్టాను."

ముద్దాయిగారి ముఖం మాడిపోయింది, జేబులోది ఎవరో లాక్కున్నట్టు. "ఆ పెట్టె అక్కడ పెట్టిందెవరు? నేను. కుర్చీ ఎత్తుగా ఉంది, కాళ్లు అందడం లేదని."

"టిక్కు పెట్టింది నేనండీ."

"పెన్ను నాది."

"అయ్యో, నన్నొక్క తప్పు చేయనివ్వరా?"

"నా తప్పులు మీకెందుకండీ? మీ పని తప్పులు పట్టడం, తీసుకోవడం కాదు!"

మేనేజరు తల పట్టుకున్నాడు. పుస్తకం జారి, మొదటి పేజీల దగ్గర తెరుచుకుని బల్ల మీద పడింది. అక్కయ్య చూపు దాని మీద పడింది. పదకొండేళ్ల కిందటి తారీఖు, ఆమె ఉద్యోగంలో చేరిన మూడో రోజు. ఆ రోజు ఏదో మీట నొక్కి నాలుగు రోజుల పని చెరిపేసి, కట్టుకున్నవాడికి కూడా చెప్పకుండా దాచుకుంది. ఇక్కడ ముద్దాయిగారి గుండ్రటి అక్షరాల్లో ఉంది: "నాలుగు రోజుల పని పోయింది. పిల్లి మీట తొక్కింది. పిల్లి నాది."

ఆ ఆఫీసులో ఏనాడూ పిల్లి లేదు.

మేనేజరు కూడా వంగి ఇంకో పేజీ చదువుతున్నాడు. "కాగితాలు తప్పు ఊరికి పంపడం... ఇది..." గొంతు తగ్గింది. "ఇది నేను కదూ చేసింది?"

"మీకెందుకులెండి" అన్నారు ముద్దాయిగారు.

మేనేజరు పుస్తకం మూసి జవాబు రాశాడు: "మేమందరం. వారం గడువిస్తే చంద్రుణ్ణి నిదానపరుస్తాం." పంపించి, ఉద్యోగం పోయినవాడిలా కూర్చున్నాడు.

గంటకు అవతలి నుంచి జవాబు వచ్చింది: "గడియారం అలా పెట్టింది మాలో ఒకడు. ఇప్పుడే ఒప్పుకున్నాడు. పేరు అక్కర్లేదు. వారం తీసుకోండి."

"చూశారా, ఈ అలవాటు అంటుకుంటుంది" అన్నాడు మేనేజరు.

వారం తిరక్కుండానే కొత్త కంప్యూటరు పెట్టెలోంచి బయటికొచ్చింది. ముద్దాయిగారు ఇంటి నుంచి చెక్కపీట తెచ్చి బల్ల కింద పెట్టారు. తెర మీద చంద్రుడు ఒళ్లు విరుచుకుంటూ లేచాడు. ముసలమ్మ వల విసిరింది. గది నిండా నీళ్ల వెలుగు కదులుతుంటే, ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.

"ఆ పిల్లి సంగతి మీకెలా తెలుసండీ?"

"ఏ పిల్లి? ఓ, అదా! పాపం, అప్పుడు బాగా భయపడింది. ఇప్పుడు పెద్దదైంది. తప్పులు పట్టే ఉద్యోగం చేస్తోంది."

బయట గడగడమని చప్పుడై లిఫ్టు ఆగిపోయింది. లోపల్నుంచి మేనేజరు కేకలు. ముద్దాయిగారు అలవాటుగా నోరు తెరిచారు. అక్కయ్య వైపు చూసి మూసేశారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"అక్కయ్యగారూ, ఇది మీరు తీసుకుంటారా? మొన్న మీకేమీ మిగల్చలేదు."

అక్కయ్య లేచి తలుపు దాకా వెళ్లి గట్టిగా అరిచింది.

"నాదేనండీ! ఎక్కేటప్పుడు తుమ్మాను!"