మస్తాన్‌బీ రక్తంలో నీలి చుక్కలు

1961లో నరసరావుపేటలో ఒక నర్సింగ్‌హోమ్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉండేవాణ్ణి. నా స్టూలుకు మూడు కాళ్లు ఉండేవి. నాలుగోది నేను చేరకముందే సెలవు పెట్టింది. బీఎస్సీ చదివినవాడికి నిలదొక్కుకోవడం తెలిసే ఉంటుందని యాజమాన్యం నమ్మకం కాబోలు.

ఆ వేసవిలో మస్తాన్‌బీని మాచర్ల నుంచి రైల్లో తీసుకొచ్చారు. మూడు నెలలుగా కడుపులో మెలిపెట్టే నొప్పి. మనిషి సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. భర్త ఖాసిం డ్యామ్ పనులకు తిరిగే లారీల బ్యాటరీలు బాగుచేస్తాడు, పాతవాటిని పగలగొట్టి లోపలి సీసం తీస్తాడు. డాక్టరుగారు అపెండిసైటిస్ అనుకుని మర్నాడే ఆపరేషన్ అన్నారు. అంత తక్కువ రక్తంతో బల్ల ఎక్కితే దిగుతుందా అన్నది ఆయనకూ అనుమానమే. అందుకే రక్తం చూడమన్నారు.

స్మియర్, అంటే గాజుపలక మీద పలచగా పూసిన రక్తం, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్రకణాల్లో నీలి చుక్కలు. పాఠ్యపుస్తకంలో ఒకసారి చూసి, పరీక్షలో రాదని నేను వదిలేసిన బొమ్మ అది. సీసం విషానికి గుర్తు.

ఖాసింను అడిగాను. “బ్యాటరీలు పగలగొట్టేది నువ్వు. నొప్పి ఆమెకేంది?”

“అదే గదా సారూ! నేను గుండ్రాయిలా ఉన్నా. దీనికే బజారు దుమ్ము పడదు.”

“కొట్టు ఊడ్చేదెవరు?”

మంచం మీంచి మస్తాన్‌బీ అందుకుంది. “ఇంకెవరు, మీరొస్తన్నారా? ఇల్లు కొట్టు ఎనకాలే. నీళ్లు చల్లనియ్యడు, పొడి నేలకంటుకుపోద్దంట. ఎండుచీపురుతో ఊడ్చి, జల్లెడపట్టి, సీసం పలుకులు ఏరియ్యాల.”

“జల్లెడ కింద పడ్డ దుమ్మో?”

“వాకిట్లో పోస్తా. గాలికి మళ్లీ లోపలికే వస్తది.”

గాజుపలకతో డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన చూసి, ఆమె పెదవి ఎత్తారు. చిగుళ్ల మీద నీలిగీత, అదీ సీసం గుర్తే. ఆపరేషన్ మానుకున్నందుకు ఒక డాక్టరు అంత సంతోషించడం నేను చూడలేదు. కాల్షియం ఇంజెక్షన్లతో రెండోరోజుకు నొప్పి తగ్గింది, ఆమె గంజి అడిగింది. గుండ్రాయి రక్తంలోనూ చుక్కలున్నాయి, కాస్త తక్కువ.

రక్తం జబ్బు పేరు చెబుతుంది. దాని చిరునామా కావాలంటే మాత్రం ఇల్లెవరు ఊడుస్తారో అడగాలి. అది నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

పంపించేటప్పుడు ఖాసింకు చెప్పాను: పాత బ్యాటరీలు ఊరిబయట పగలగొట్టు, జల్లెడ పారెయ్యి, నీళ్లు చల్లకుండా చీపురు పట్టనివ్వకు.

అతను తల గోక్కున్నాడు. “నీళ్లేనా సారూ మందు?”

మస్తాన్‌బీ మూట చంకన పెట్టుకుంది. “లారీ బ్యాటరీలకి రోజూ నీళ్లు పోస్తావు గదా! ఇంట్లో చెంబెడు చల్లటానికి నీ చేతులేమన్నా పడిపోయినయ్యా?”