పగలగొట్టి చూసి పాస్ చేసిన రజియా బేగం

గత శుక్రవారం మధ్యాహ్నం ద్వారకానగర్‌లో ఒక దుకాణంలో నిలబడి, ఈ వేసవి శిబిరం పిల్లల కోసం చేతితో తిప్పే డ్రిల్లులు చూస్తుండగా నాకు ఫోన్ వచ్చింది. చేసింది రజియా బేగం గారిని ఆపా, అంటే అక్కా, అని పిలిచే తమ్ముడి భార్య మెహరున్నీసా. "ఆపా లేదు సార్. పొద్దున్న నమాజ్ సేసి గోడకి ఆనుకుని కూకుంది, అలగే ఎల్లిపోయింది" అంది. నా నోటి నుంచి మొదట వచ్చిన మాట, "రేపు డ్రిల్లులు తెచ్చి చూపిస్తానని చెప్పాను కదా" అన్నది. మరణవార్తకు అది తగిన సమాధానం కాదని తెలుసు. దిగ్భ్రాంతి మనిషిచేత ఇలాంటి అసందర్భపు మాటలే పలికిస్తుంది కాబోలు. అవతల మెహరున్నీసా "మరి సూడదు సార్" అని ఫోన్ పెట్టేసింది.

రజియా బేగం గారు పత్రికల్లో పేరు పడిన మనిషి కారు. విశాఖ పాతపట్నంలో పుట్టారు, అక్కడే పోయారు. తండ్రి గడియారాలు బాగుచేసేవారు. ఆమె ఒక బాలికల ఉన్నత పాఠశాలలో సుదీర్ఘకాలం ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. వివాహం చేసుకోలేదు, తమ్ముడి కుటుంబంతోనే ఉన్నారు. గోపాలపట్నంలో మేము ఏటా నడిపే పిల్లల వేసవి విజ్ఞాన శిబిరంలోకి ఏ పరికరం రావాలో, ఏది గుమ్మం దగ్గరే ఆగిపోవాలో పది వేసవుల్లో ఒక్కటి తప్ప మిగతా తొమ్మిదింటా నిర్ణయించినది ఆమె.

నేను ఆ శిబిరానికి కన్వీనర్ని. పూర్వాశ్రమంలో కోచింగ్ సెంటర్ ఫిజిక్స్ లెక్చరర్ని. విద్యుత్తు గురించి వేలమందికి బోధించాను గాని, ఇంట్లో ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసే జాతి మాది. అందుచేత ఆమె గురించి రాసే అర్హత నాకు సంపూర్ణంగా ఉందని అనుకోను. అయితే ఆమెతో చెప్పవలసిన మాట ఒకటి అయిదేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. నేను తప్పు చేశాననే మాట అది. ఏం తప్పో చెప్పాలంటే ముందు ఆమె పని ఎలాంటిదో చెప్పాలి.

మొదటి వేసవిలో మా శిబిరానికి సొంత పరికరాలంటూ ఏమీ లేవు. రజియా గారి పాఠశాల నుంచి రెండు మైక్రోస్కోపులు అరువు తెచ్చుకున్నాం. వాటికి కాపలాగా ఆమె కూడా వచ్చారు. తెల్లటి చీర, భుజం మీదుగా తలమీదికి లాక్కున్న కొంగు, చేతిలో గుడ్డసంచి. ఒక మూల కుర్చీలో కూర్చుని రోజంతా చూశారు. పిల్లలు బారుగా నిలబడ్డారు. ఒక్కొక్కరూ వంగి, ఒక కన్ను మూసి, ఉల్లిపొరను దర్శించి వెళ్లిపోయారు. నాకు చాలా తృప్తిగా ఉంది. సాయంత్రం ఆమె దగ్గరికి వెళ్లి ఎలా ఉందని అడిగాను.

"ఇదేటి సార్, సినిమా టిక్కెట్ల లైనా? వొచ్చేరు, కన్నెట్టేరు, ఎల్లిపోయేరు. ఒక్క గుంటయినా దాని మీద సెయ్యేసిందా?" అన్నారు. ఆమె మాటలో పిల్లలెవరైనా గుంటలే.

చెయ్యేస్తే పాడవుతుందని నేనే చెప్పానన్నాను. ఆమె మర్నాడు మైక్రోస్కోపులను పెట్టెలోనే ఉంచేసి, గుడ్డసంచి నిండా భూతద్దాలు తెచ్చారు. తలకొకటి పంచిపెట్టారు. ఆ రోజు మా పిల్లలు ఉప్పు చూశారు, చీమ కాళ్లు చూశారు, చొక్కా నేత చూశారు, పక్కవాడి పంటిమీద గార చూసి గొడవపడ్డారు. రెండు అద్దాలు నేలమీద పడి పగిలాయి. "పగిల్తే పగిలేయి, సూసేరు కదా" అన్నారామె. పరికరాల ఎంపిక ఆనాటి నుంచి ఆమె చేతికి వెళ్లిపోయింది. ఎవరూ తీర్మానం చేయలేదు. అలా జరిగిపోయింది.

ఆమె ఎంపిక విధానం విన్నవారికి విపరీతంగా తోచేది. శిబిరానికి కొనదలచిన ప్రతి వస్తువూ ముందు ఒక్కటి మాత్రమే కొని ఆమె ఇంటికి పంపాలి. అది వారంరోజులు అక్కడ ఉండాలి. ఆ వారంలో ఆమె దాన్ని పద్ధతిగా పాడుచేసేవారు. బల్లమీంచి కింద పడేసేవారు. బ్యాటరీ తిరగేసి పెట్టేవారు. స్క్రూ అవసరానికి మించి బిగించేవారు. తడిచేతులతో పట్టుకునేవారు. పదేళ్ల పిల్ల ఒక వస్తువును ఎన్ని విధాలుగా హింసించగలదో ముప్పై ఏళ్ల ఉద్యోగంలో కళ్లారా చూసిన మనిషి కావడంతో ఆ హింసలో ఏదీ వదిలేవారు కాదు. ఆ తరువాత, శిబిరంలో ఉండే పనిముట్లతోనే దాన్ని బాగుచేయడానికి కూర్చునేవారు. బాగైతే పాస్. కాకపోతే ఫెయిల్. మధ్యలో మరో తరగతి లేదు.

"పాడవనిది ఉండదు సార్. పాడయ్యేక గుంటలు దాన్ని ఇప్పి, ఎక్కడ పోయిందో సూసి, మళ్లీ నడిపించాల. అక్కడే ఉంది సదువు. నడిసినంతసేపు దాన్ని ఎవులు సూత్తారు?" అనేవారు.

ఈ ఊరి గాలిని కూడా ఆమె పరీక్షాధికారిగా నియమించుకున్నారు. ఎక్కడో దూరపు ఊళ్లలో తయారైన కిట్లలో బ్యాటరీ పెట్టేచోట పల్చటి ఇనుప క్లిప్పులుంటాయి. మూడు వారాలకు అవి ఎర్రబడతాయి, ఆరు వారాలకు పొడి రాలుతుంది. ఆమె ప్రతి క్లిప్పునూ వారంతో సరిపెట్టకుండా, డాబామీద సముద్రపు గాలి తగిలేచోట నెలన్నర పెట్టి ఉంచేవారు. ఇత్తడివి నిలిచేవి. ఇనుపవి వెనక్కి వెళ్లిపోయేవి. ఒకసారి దిక్సూచులు తెప్పించాం. ఇనుప బల్లమీద పెడితే ముళ్లు తలో దిక్కు చూపించాయి. నేను సిగ్గుపడి వాటిని తిప్పి పంపేద్దామన్నాను. "ఏల సార్? ఎందుకు తప్పు సెప్తన్నాయో గుంటల్నే అడగండి" అన్నారు. పిల్లలు రెండు రోజులు బల్లల చుట్టూ తిరిగి కారణం కనిపెట్టారు. వాళ్లలో ఇద్దరి తండ్రులు ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు. ఇంటికి వెళ్లి వాళ్లనే విసిగించారట.

ఇక ఆరో వేసవి సంగతి. ఒక ప్రైవేటు సంస్థ మా శిబిరానికి ఇరవై రోబోటిక్స్ కిట్లు విరాళంగా ఇస్తామంది. మెరిసే పెట్టెలు. లోపల చక్రాలబండి, దాన్ని నడిపించడానికి ట్యాబ్. అలవాటు ప్రకారం ఒకటి రజియా గారింటికి పంపాం. వారం తిరిగాక కమిటీ సమావేశానికి ఆమె దాన్ని తెచ్చి బల్లమీద పెట్టారు. చక్రం తిరగడం లేదు. సంస్థ ప్రతినిధి మొహం పాలిపోయింది.

"ఫెయిల్ సార్" అన్నారామె. "మూత జిగురుతో అతికించేసేరు. లోపల ఏటుందో సూడనివ్వరు. గుంటలు మీట నొక్కుతారు, బండి తిరుగుతాది, సప్పట్లు కొడతారు. బండి నేర్సుకుంది సార్, గుంటలేటి నేర్సుకున్నారు?"

నాకు ఆ కిట్లు కావాలి. ప్రారంభోత్సవానికి పెద్దమనుషులు వస్తారు, ఫోటోలు పడతాయి, మా శిబిరం కూడా కాలంతోపాటు నడుస్తోందని నలుగురూ అనుకుంటారు. ఆ ఆశలో నిండుసభలో ఇలా అన్నాను: "రజియా గారూ, సామాను సర్దడం వేరు, చదువు చెప్పడం వేరు. మీరు ల్యాబ్ అసిస్టెంటు. ఇది మాకు వదిలెయ్యండి."

ఆమె నన్ను ఒకసారి చూశారు. "సరే సార్" అని, సంచిలోంచి శిబిరం సామాన్ల బీరువా తాళాలు తీసి నా ముందు పెట్టి వెళ్లిపోయారు. ఆ వేసవి శిబిరానికి ఆమె రాలేదు.

శిబిరం ఘనంగా మొదలైంది. అయిదుగురికో కిట్టు. ఒకడి చేతిలో ట్యాబ్, నలుగురు చుట్టూ ప్రేక్షకులు. పది రోజులకు కిట్లు ఒక్కొక్కటే ఆగిపోసాగాయి. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చే పైడితల్లి అనే పదకొండేళ్ల అమ్మాయి ఆగిపోయిన బండిని రెండు చేతుల్లో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఇది సచ్చిపోయింది. స్క్రూడ్రైవర్ ఇత్తారా, ఇప్పి సూత్తాను."

"వద్దమ్మా, ముట్టుకోకు. గ్యారంటీ పోతుంది" అన్నాను.

ఆ పిల్ల బండిని బల్లమీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడవారగా వెళ్లి కూర్చుంది. నా తలమీద, 'చేతులతో నేర్చుకుందాం' అని ఒక బ్యానరు వేలాడుతోంది. రాయించింది నేనే. నేను తప్పు చేశానని ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసినా ఏమీ చేయలేదు. మిగిలిన రోజులు బొమ్మలు గీయించి గడిపేశాను.

మరుసటి ఏడు వేసవికి ముందు పాతపట్నం వెళ్లాను. క్షమాపణ చెబుదామనే వెళ్లాను. చేతిలో సాకుగా ఒక స్ప్రింగు త్రాసు పట్టుకెళ్లాను. రజియా గారు టీ ఇప్పించారు. త్రాసును తిప్పి చూస్తూ, "ఎన్ని సచ్చిపోయేయి సార్?" అని అడిగారు.

"ఇరవైలో పద్నాలుగు."

"మరి ఆరు?"

"వాటిని ఎవరూ ముట్టుకోలేదు."

ఆమె నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో సంగతి తేలిపోయిందనుకున్నాను. త్రాసు అక్కడ పెట్టి, తాళాలు ఆమె చేతికిచ్చి, క్షమాపణ మాట జేబులోనే పెట్టుకుని వచ్చేశాను.

ఆ వేసవి మొదటిరోజున ఆమె చచ్చిపోయిన కిట్లన్నీ బయటికి తీయించి, పిల్లల ముందు కుప్ప పోయించారు. ఒక బండిని తానే హాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి చూపించారు. రెండోది పైడితల్లి కోసింది. లోపల్నుంచి మోటార్లు, గేరుచక్రాలు, తీగలు బయటపడ్డాయి. వాటితో పిల్లలు ఫ్యాన్లు చేశారు, పడవ చేశారు, ఎందుకూ పనికిరాని వింత యంత్రాలు కూడా చేశారు. సాయంత్రం ఆమె నా పక్కన నిలబడి, "ఇప్పుడు పాస్ సార్" అన్నారు. ఆ మాటలో వెక్కిరింపు లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

సంస్మరణలో లోపాలు చెప్పకూడదంటారు. రజియా గారు మాత్రం ఏ వస్తువునూ లోపాలు చూడకుండా పాస్ చేయలేదు గనుక ఆమెకూ అదే మర్యాద చేస్తాను. ఆమె మొండిమనిషి. తెర ఉన్న ప్రతి వస్తువునూ అనుమానించేవారు. చక్కటి దూరదర్శిని ఒకటి దాని కాలు వణుకుతోందని తిప్పి పంపించారు. ఆ ఏడు పిల్లలు శనిగ్రహం చూడలేకపోయారు. ఏడ్చే పిల్లలను సముదాయించడం ఆమెకు చేతకాదు. ఆడపిల్లలకు స్క్రూడ్రైవరు ముందు అందేది, మగపిల్లలకు తరువాత. పక్షపాతమని తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే, "అవును, పచ్చపాతమే" అని ఒప్పుకుని పనిలో పడిపోయేవారు.

ఆమె లేని లోటు ఎంతో ఈ వారంలో నాకు ప్రత్యక్షంగా తెలిసింది. ఎంపిక నన్నే చూడమంది కమిటీ. శుక్రవారం చూసిన డ్రిల్లుల్లో ఒకటి ఇంటికి తెచ్చాను. బల్ల అంచున పెట్టాను. కింద పడెయ్యాలి. మూడు రోజులైంది. కొత్త వస్తువును కావాలని పాడుచేయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పాడైతే బాగుచేయగలనన్న ధైర్యం ఉన్నవాళ్లకే అది సాధ్యం. ఆ ధైర్యం నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు.

నిన్న పరామర్శకు వెళ్లాను. మెహరున్నీసా నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలి గనుక, "ఆ ఒక్క ఏడూ మీ ఆపాకి నామీద కోపం వచ్చిందమ్మా. న్యాయమైన కోపమే" అన్నాను.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "కోపమేటి సార్? నానూ అలగే అనుకుని అడిగేను, ఏల ఎల్లట్లేదు ఆపా, సార్ మీద కోపమా అని. 'కాదే, సార్ సెప్పింది నిజమే కదా, నాను సామాను సర్దీదాన్ని, సదువు సెప్పీదాన్ని కాదు, ఇన్నాళ్లూ తెలీక అడ్డం పడతన్నాను' అంది. ఆ ఏడు ఇంట్లో ఒక్క వస్తువు ఇప్పలేదు సార్. మిక్సీ పోతే బజారుకి పంపింది."

నేను అయిదేళ్లుగా ఆమె అలిగారనే అనుకున్నాను. తిరిగి వచ్చినప్పుడు మన్నించారనుకున్నాను. ఆమె అలగలేదు, మన్నించనూ లేదు. నేనన్న మాటను నమ్మారు. నమ్మి కూడా, పిలవగానే పిల్లల కోసం వచ్చారు. ఒక్క వాక్యంతో ఆ నమ్మకాన్ని తీసివేయగలిగి ఉండీ నేను నాలుగు వేసవులు ఆమె పక్కనే నిలబడి నోరు విప్పలేదు. ఇందుకు నేను సిగ్గుపడుతున్నాను. ఈ సిగ్గుకు ఇక విరుగుడు లేదు.

ఆమెను ఎరిగినవారి సమక్షంలో, ఆనాడు నిండుసభలో అన్న మాటను ఇప్పుడు నలుగురూ చదివేచోట వెనక్కి తీసుకుంటున్నాను. రజియా బేగం గారూ, మీకు నా నమస్కారం. మా శిబిరంలో చదువు చెప్పింది మీరు. సామాను సర్దింది నేను.