మూసిన కిటికీల వెనక ఇత్తడి

మా తమ్ముడికి రసాయనాల పిచ్చి. పిచ్చి అన్న మాట మా అమ్మది. డిగ్రీ సగంలో మానేశాడు కానీ ఆ చదువును వదల్లేదు. బచ్చన్నపేట దగ్గర మా గడీలో, అంటే దొరల కోటలాంటి ఇంట్లో, పైకప్పు నిలిచిన గదులు కొన్నే మిగిలాయి. వాటిలో ఒకటి, ఒకప్పుడు వడ్లు నింపిన కొట్టుగది, వాడి సీసాలకూ స్పిరిట్ దీపానికీ పోయింది.

వాడు చేసేవాటిలో నాకు నచ్చింది పటిక స్ఫటికాలు. వేడినీళ్లలో పటిక కరిగించి, దారానికి చిన్న పలుకు కట్టి, అందులో వేలాడదీసి కదపకుండా ఉంచేవాడు. అది మెల్లగా పెరిగి కోసిన గాజులా తయారయ్యేది. మా హాలు పైకప్పుకు తాత తెప్పించిన ఝూమరు దీపాల గుత్తి వేలాడుతుంది. గడీ మీదికి జనం తిరగబడి వచ్చిన రోజున దాని గాజుబొట్లు సగం రాలిపోయాయి. ఆ ఖాళీల్లో తన స్ఫటికాలు కడతానన్నాడు తమ్ముడు.

"గడ్డం గీసినంక చెంపలకు రుద్దేది గదరా పటిక? గది దొరల ఝూమరుకు కడతవా?" అంది అమ్మ.

"దీపం పెట్టినంక చూడు అమ్మ. ఏది గాజో ఏది పటికో నువ్వే చెప్పలేవు."

బాపు సంవత్సరీకం దగ్గరపడింది. మరిపెడ నుంచి, టేకుమట్ల నుంచి చుట్టాలు వస్తారు. అంతకుముందు వచ్చినప్పుడు మా మేనత్త పైకి చూసి, "గడీ గాదు వదినా ఇది, పావురాల గూడు" అని అందరి ముందూ నవ్వింది. అమ్మ ఆ నవ్వును మరిచిపోలేదు. ఈసారి ఝూమరు వెలగాల్సిందే అంది.

ఝూమరు కొమ్మలు ఇత్తడివి. పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. మా చిన్నప్పుడు ఇత్తడి తోమడానికి ఒక మనిషి ఉండేది. చింతపండు, బూడిద పట్టుకుని పెరట్లో కూర్చునేది. వెనక వసారాలోనే తిని వెళ్లేది. ఇప్పుడు పిలిస్తే ఎవరూ రారు. రారని తెలిసి పిలవడం మాకు చేతకాదు. తమ్ముడే కొమ్మలు విప్పి దించి తోమడానికి కూర్చున్నాడు. చింతపండుతో పైపైన మెరిసింది కానీ, సన్నటి నగిషీల్లో చిలుము కదల్లేదు. ఇక తేజాబు తీశాడు, గాఢమైన నత్రికామ్లం.

దాన్ని వాడు ఎప్పుడూ మిద్దె మీదే వాడేవాడు, గాలికి వీపు పెట్టి. ఇత్తడి మీద పడితే ఎర్రటి పొగ లేస్తుందని, ఆ పొగ పీల్చినప్పుడు పెద్దగా ఏమీ అనిపించదని, గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని నాకు చాలాసార్లు చెప్పాడు. కొమ్మలు బరువు, మిద్దె ఎక్కించడం కష్టం. అందుకని వాకిట్లో పెట్టుకున్నాడు. మా ప్రహరీ ఒకవైపు కూలిపోయింది. రోడ్డు మీద పోయేవాళ్లకు వాకిలంతా కనిపిస్తుంది.

"ఊరంత చూడంగ నా కొడుకు బోళ్లు తోముతడా? లేచి లోపటికి నడువు" అంది అమ్మ.

"లోపట పొగ నిలుస్తదమ్మ. పానం మీదికొస్తది."

"పొగకు ఎవలన్న సస్తరా? మీ తాత హుక్కా తాగుకుంటనే ముసలోడయిండు."

వాడు కొమ్మలు మోసుకుని కొట్టుగదిలోకి వెళ్లాడు. వీధి వైపు కిటికీలను అమ్మ స్వయంగా మూసి గడియలు వేసింది. మా ఇంట్లో అమ్మ మాటకు ఎదురు లేదు. భూములు పోయాక మాకు మిగిలిన దొరతనం అదొక్కటే.

మధ్యాహ్నానికి తమ్ముడు బయటికొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కొద్దిగా దగ్గు. ఇత్తడి మాత్రం బంగారంలా ఉంది. నవ్వుతూ నిచ్చెన ఎక్కి, కొమ్మలు తిరిగి బిగించి, ఒక్కొక్క స్ఫటికమే కట్టాడు. పొద్దు గూకేవేళకు ఆ నిచ్చెన కిందే కూలబడ్డాడు. పెదవులు నీలంగా మారాయి. ఊపిరి తీస్తుంటే లోపల నీళ్లు గులగులమంటున్నాయి.

జనగామ దవాఖానకు తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల. ఏ ఊరని అడిగింది. చెప్పగానే ఆమె ముఖం విచ్చుకుంది.

"గడీ వాళ్లా? మా నాయినమ్మ మీ ఇంట్లనే బోళ్లు తోమేదట. శాన చెప్పేది." తమ్ముడి ఛాతీ మీద స్టెతస్కోపు పెడుతూనే అడిగింది, "ఏం పీల్చిండమ్మా ఈయన?"

అమ్మ నిటారుగా నిలబడింది. "పత్తికి మందు కొట్టిస్తుండె. గాలి ఇటు మళ్లింది."

"ఏ మందు?"

"గవన్ని దొరలకెట్ల తెలుస్తయి? జీతగాళ్లకు తెలుస్తయి."

డాక్టరమ్మ తమ్ముడి కళ్లలో లైటు వేసి చూసింది. "మందు పీలిస్తే కనుపాప సూదిమొనంత అయితది, గిట్లుండదే" అని సందేహపడుతూనే, పురుగుల మందుకు ఇచ్చే సూది సిద్ధం చేయమని నర్సుకు చెప్పింది. ఆ సూది తనకు పనికిరాదని ఆ గదిలో అందరికన్నా బాగా తెలిసినవాడు మంచం మీదున్నాడు. ముక్కు మీది మాస్కును పక్కకు లాగేశాడు.

"మందు గాదు... తేజాబు. ఇత్తడి... ఇత్తడి తోమిన."

"తోమినవా? నువ్వా?" అంది డాక్టరమ్మ. ఎగతాళిగా అనలేదు, ఆశ్చర్యంగా అంది.

"నేనే. తలుపులు పెట్టుకొని."

సూది ఆగిపోయింది. ఆమె ఫోన్ అందుకుని పెద్ద దవాఖానకు పంపే ఏర్పాటు చేసింది. వాడి ప్రాణం నిలిచింది ఆ రెండు ముక్కల వల్లే. అమ్మ వాడి వైపు చూడకుండా బయటికి వెళ్లి కారులో కూర్చుంది.

వాడు ఆక్సిజన్ మీద ఉండగానే సంవత్సరీకం జరిగింది. ఝూమరు వెలిగింది. ఏది గాజో ఏది పటికో నిజంగానే తెలియలేదు. మేనత్త తల పైకెత్తి చాలాసేపు చూసింది.

"అద్దం లెక్క ఉన్నది వదినా ఇత్తడి. ఎవలు తోమిండ్రు?"

"ఉన్నరు పనోళ్లు" అంది అమ్మ.

తమ్ముడు ఇంటికొచ్చాడు, సగం ఊపిరితో. నాలుగు మెట్లెక్కితే ఆగి గోడ పట్టుకుంటాడు. కొట్టుగదికి తాళం పడింది. మొదటి రోజు భోజనానికి హాలులోకి వస్తుంటే అమ్మ చేయి అడ్డం పెట్టింది. వాడి కంచం వెనక వసారాలో పెట్టించింది.

"తోమినోళ్లు గాడ్నే తింటరు. దవాఖానల నువ్వే చెప్పుకుంటివి గద."

వాడు వెళ్లి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి వాడు అక్కడ, నేనూ అమ్మా హాలులో ఝూమరు కింద. పెద్దకొడుకు కూర్చునే చోటు అది.

ఈ ఎండలకు స్ఫటికాలు తెల్లబడి పొడి రాలుతున్నాయి. మొన్న నా కంచం పక్కన కాస్త రాలితే అమ్మ విసుక్కుంది. వసారాలోంచి వాడి గొంతు వినిపించింది, ఆగి ఆగి.

"అన్న... వార్నిష్ పూసుడు మరిచిన. పూస్తే... గట్ల పొడి రాలదు. నిచ్చెన పట్టుకుంటే..."

"పనోళ్లు తినేటప్పుడు మాట్లాడరు" అంది అమ్మ, తల తిప్పకుండా.

దగ్గు వినిపించింది. నేను పొడి తుడిచేసి అన్నం కలుపుకున్నాను.