బాగా చూస్తాండారు సార్

నాయనకు చక్కెర జబ్బని తెలిసినప్పటి నుంచి నెలనెలా ఊళ్లోని సర్కారు ఆసుపత్రికి నేనే వెంట పోయేదాన్ని. బత్తలపల్లె నుంచి లోపలికి వచ్చే దారిలో చిన్న ఊరు మాది. ఇంట్లో రెండు పట్టు మగ్గాలు. ఒకటి నాయన నేసేవాడు, రెండోదాని మీద నేను. ఆసుపత్రికి ఒక్కడే డాక్టరు. వయసులో నాకంటే చిన్నవాడు. మెత్తగా మాట్లాడేవాడు, ముసలివాళ్లను కసురుకునేవాడు కాదు. అతను రాకముందు చాలాకాలం ఆ కుర్చీ ఖాళీగా ఉండేది. అందుకే ఊరంతా అతన్ని నెత్తిన పెట్టుకుంది.

వరస మాత్రం ఎప్పుడూ బయట వేపచెట్టు దాకా ఉండేది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అదే దిక్కు. స్టూలు మీద సరిగా కూర్చునే లోపలే చీటీ చేతికి వచ్చేది. నాయన "కాళ్లు తిమ్మిరెక్కుతాండాయి సార్" అన్న ప్రతిసారీ డాక్టరు తల ఊపి, బలానికని ఇంకో మాత్ర రాసేవాడు. మగ్గం కింద తొక్కుడు చెక్క మీద కాలు ఉందో లేదో కూడా తెలియడం లేదని నాయన నాతో అన్నాడు. ఆ మాట డాక్టరుకు చెప్పి కాలు చూపించమంటే వినలేదు.

"అంతమంది వెనక నిలబడి ఉంటే కాలెత్తి చూపిచ్చేదా? ఆయప్పకు ఊపిరి తీసుకునే సందు కూడా లేదు."

ఒక నెల మేము పోయేసరికి ఆసుపత్రి గోడలకు కొత్త సున్నం వేసి ఉంది. ఇక్కడ వైద్యం ఎలా జరుగుతోందో చూడడానికి పైనుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. ఒకాయన మందుల గది, కాన్పుల గది చూసుకుంటూ తిరిగాడు. ఇంకొకామె డాక్టరు పక్కన కుర్చీ వేసుకుని, వచ్చిన రోగినల్లా అడుగుతోంది. మా వంతు వచ్చింది.

"ఇక్కడ ఎలా చూస్తున్నారు పెద్దాయనా?"

"బాగా చూస్తాండారు" అని నాయన డాక్టరు వైపు తిరిగాడు. "బాగా చూస్తాండారు సార్. దేవుని మాదిరి."

ఆమె రాసుకోబోయింది. నేను వెనక నిలబడి ఉన్నాను. "మర్యాదగానే మాట్లాడతారు మేడమ్. మాత్రలూ ఇస్తారు. కాళ్లు మాత్రం ఒక్కసారీ చూడలేదు. తిమ్మిరని చెప్పబట్టి యాడాదాయ" అన్నాను.

నాయన నా వైపు చురుగ్గా చూశాడు. డాక్టరు కుర్చీలోంచి లేచి, కింద కూర్చుని, తానే నాయన చెప్పు విప్పాడు. చిటికెన వేలి కింద పుండు ఉంది. చుట్టూ నల్లబడింది. దాని మధ్యలో చిన్న మేకు మొన ఇంకా అలాగే ఉంది.

"నొప్పి లేదా?" అని అడిగాడు డాక్టరు.

"లేదు సార్."

డాక్టరు ఆ పాదాన్ని వెలుతురు వైపు తిప్పి చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజే అనంతపురం పెద్దాసుపత్రికి రాసిచ్చాడు.

బస్సులో నాయన ఒకే ఒక మాట అన్నాడు. "అందరి ముందర ఆయప్ప పరువు తీసినావు."

మొదట రెండు వేళ్లు తీశారు. నల్లదనం ఆగలేదు. సగం పాదం పోయింది. నాయన ఇక మగ్గం ఎక్కలేదు. గోడకు ఆనుకుని, నా కోసం కండెలకు దారం చుట్టేవాడు. అవసరమైతే తప్ప నాతో మాట్లాడేవాడు కాదు. ఆ మధ్యలోనే డాక్టరుకు బదిలీ అయింది. నా మాట వల్లనో, ముందే రాసిపెట్టి ఉన్న బదిలీనో నాకు ఇప్పటికీ తెలియదు. ఊరికి మాత్రం తెలిసినట్టే ఉండేది. కుళాయి దగ్గర నేను బిందె పెడితే ఆడవాళ్ల మాటలు ఆగిపోయేవి.

కొత్త డాక్టరు రాలేదు. ఒకనాడు పక్కింటి వదిన జ్వరంతో కాలిపోతున్న బిడ్డను చంకనేసుకుని ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ మా గడప ముందు ఆగింది.

"నర్సమ్మ ఒక్కతే ఉండాది. ధర్మవరం తీసకపొమ్మంటాంది. ఆయప్ప ఉండింటే ఇట్లయ్యేదా? నీ నోరు ఊరుకోకపాయ" అంది.

లోపలి నుంచి నాయన గొంతు వినిపించింది.

"నేను అడగాల్సింది అది అడిగింది. దాన్నేమీ అనొద్దు తల్లీ."

వదిన ఆటో కోసం రోడ్డు వైపు పోయింది. నేను లోపలికి వచ్చేసరికి నాయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కట్టు మార్చాలని పిలిస్తే కాలు నా వైపు చాపాడు గాని ముఖం తిప్పలేదు.