కామాక్షి గారి పీత

తార్నాకలో కూరగాయలు కొనేవాళ్లలో సగం మందికి సుందరరావు గారు ఆ సంగతి చెప్పేశారు: తన భార్య పేరు ఒక పీతకు పెడుతున్నారని. "పీతకా?" అని ఎవరో నవ్వితే, "మనుషుల్లో కామాక్షులు వేలమంది ఉన్నారండీ. పీతల్లో ఇదొక్కటే," అన్నారాయన.

కామాక్షి సిగ్గుతో చచ్చిపోయింది. లోపల మాత్రం ఒకటే సంబరం. ముప్పై ఏళ్లుగా యూనివర్సిటీలో, జంతుశాస్త్ర విభాగంలో, మైక్రోస్కోపులో చూస్తూ బొమ్మలు గీస్తోంది. పీతలకు పేర్లు పెట్టినవాళ్లు ప్రొఫెసర్లయ్యారు. ఆమె పేరు మాత్రం వ్యాసం చివర కృతజ్ఞతల్లో, ఏసీ బాగుచేసినాయన పేరు పక్కన ఉండేది.

ఆత్రేయ అనే పరిశోధక విద్యార్థి కాకినాడ దగ్గర ఆల్చిప్పల్లో కాపురముండే కందిగింజంత పీతను పట్టుకొచ్చాడు. ఇలాంటి పీతల్లో జాతిని తేల్చేది మగదాని పొట్ట కింద, కుడివైపొకటి ఎడమవైపొకటి దాగి ఉండే పుల్లలాంటి అవయవం. ఇదివరకు దొరికిన జాతికి, పాత వ్యాసంలోని బొమ్మలో, దాని కొస తిన్నగా ఉంది. ఇతని పీతకు కొక్కెంలా వంగి ఉంది. కాబట్టి కొత్త జాతే.

"దీనికి మీ పేరే పెడుతున్నా మేడమ్," అన్నాడు. "ఎవరి పేరు వాళ్లు పెట్టుకుంటే బాగోదు కదా. నాకు మీరున్నారు."

ఒక ఉదయం ఆత్రేయ వ్యాసానికి చివరి బొమ్మకు ఇంకు దిద్దుతూ వంపు దగ్గరికి వచ్చేసరికి ఆమె పెన్ను ఆగిపోయింది. ఈ వంపు తను ఇంతకుముందే చూసింది. పాత వ్యాసానికి బొమ్మ గీసిందీ తనే, ఇరవై రెండేళ్ల కిందట. అప్పుడూ కొస వంగే కనిపించింది. పట్టకారు నొక్కుడుకు వంగి ఉంటుందిలే అనుకుంది. దెబ్బతిన్న భాగాన్ని బొమ్మలో సరిచేయడం వాళ్ల పనిలో మామూలే. కాకపోతే చుక్కల గీతతో చూపించాలి, వ్యాసం రాస్తున్న సారుని అడగాలి. సారు ఆ రోజు చిరాకుగా ఉన్నారు. అడగడానికి భయపడి, నిండు గీతతో తిన్నగా లాగేసింది.

నోరు మూసుకుంటే సరిపోతుంది. పేరు తనది, డాక్టరేటు అబ్బాయిది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసి, లేచి, అప్పుడు చూసి గీసిన పీత కోసం విభాగం మ్యూజియంలోకి నడిచింది.

"ఏంది మేడం, గింత పొద్దుగాల్నే! గా కింది షెల్ఫ్‌ల ఉన్నది, ఆగుండ్రి, తీస్తా," అంటూ అటెండరు పరశురాం పాత సీసా తీసిచ్చాడు.

లెన్సు కింద పెట్టి చూసింది. కుడిదీ, ఎడమదీ, రెండు కొసలూ ఒకేలా వంగి ఉన్నాయి. పట్టకారు రెంటినీ ఒకేలా వంచదు. ఇన్నేళ్లూ తిన్నగా ఉన్నది కామాక్షి గీసిన బొమ్మ ఒక్కటే.

సీసా తెచ్చి ఆత్రేయ ముందు పెట్టింది. "తప్పు నాదే బాబూ. నీది కొత్త జాతి కాదు, పాతదే."

ఆ అబ్బాయి తనే లెన్సులో మళ్లీ మళ్లీ చూశాడు. రెండేళ్ల పని మరి. చివరికి, "ఇప్పుడేం చేద్దాం మేడమ్?" అన్నాడు.

"పాత బొమ్మ తప్పని రాయి. గీసింది కామాక్షి అని పేరు పెట్టి రాయి. లేకపోతే సారు మీదికి పోతుంది. చెప్పుకోవడానికి ఆయన లేరు కదా."

ఆత్రేయ అక్కడే కూర్చుని టైపు చేసి చూపించాడు. కొసను తిన్నగా గీసింది కామాక్షి. ఆ తప్పును కనిపెట్టి చెప్పిందీ ఆమే.

"రెండో ముక్క తీసెయ్యి నాయనా."

"తియ్యను మేడమ్. ఉన్నది ఉన్నట్టే ఉండాలి."

కామాక్షికి ఏడుపొచ్చింది. కాయితం తడవకుండా దూరంగా జరిపి, కళ్లు తుడుచుకుని, వంపు గీయడానికి కూర్చుంది.