అవతలివాడికి అందేదాకా

మా కంప్యూటర్స్ సారు పోయారని తెలిసినప్పుడు నేను ఎవరిదో కొత్త ఫోనుకి స్క్రీన్ గార్డ్ అంటిస్తున్నాను. విజయవాడలో ఒక మొబైల్ షాపులో నా పని అదే. క్లాస్‌మేటు నాగూర్ ఫోన్ చేసి, "ఒరేయ్, సారు లేర్రా. పొద్దున గుండె పట్టేసిందంట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది" అన్నాడు. అద్దం సగం అంటించి అలాగే నిలబడిపోయాను. "ఏంటండీ, లోపల బుడగొచ్చేసింది, చూసుకోరా?" అని కస్టమరు కసిరాడు. కొత్తది తీసి మళ్ళీ అంటించి ఇచ్చాకే షాపు దిగాను. బీఎస్సీ కంప్యూటర్స్ చదివినవాడి వైభోగం ఇదండీ.

మైలవరం అవతల ఒక చిన్న డిగ్రీ కాలేజీలో ఆయన మాకు పాఠం చెప్పారు. అలాంటి కాలేజీల్లో లెక్చరర్లకి వేసవి సెలవులుండవని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. మే నెల ఎండలో కరపత్రాలు పట్టుకుని ఊరూరా తిరిగి పిల్లల్ని చేర్పించాలి. ఎవరూ చేరకపోతే గ్రూపు ఎత్తేస్తారు, గ్రూపుతోపాటు లెక్చరర్నీ ఎత్తేస్తారు.

మా ఇంటికీ ఆయన అలాగే వచ్చారు, ఇంకో లెక్చరర్ని వెంటేసుకుని. మా నాన్న మజ్జిగ ఇచ్చి, ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఇది చదివితే మావాడికి ఉద్యోగం వస్తదా మేస్టారూ?"

పక్కాయన "ఎందుకు రాదండీ!" అని అందుకోబోతుంటే, మా సారు గ్లాసు కింద పెట్టి, "చెప్పలేనండీ. నేర్పడం వరకే నా పూచీ" అన్నారు. పక్కాయన మొహం మాడిపోయింది. వాళ్ళు గడప దాటగానే నాన్న నవ్వాడు. "అబద్ధమాడటం కూడా చేతకాని మనిషి. ఆయన దగ్గరే చదువు" అన్నాడు. మా నాన్న లెక్క అది. ఆ లెక్క తప్పిందని నేనిప్పటికీ అనను, కానీ ఉద్యోగం మాత్రం రాలేదు.

మా ల్యాబులో సగం కంప్యూటర్లు పనిచేయవు, పనిచేసేవాటికి కరెంటు ఉండదు. అప్పుడు సారు మమ్మల్నే కంప్యూటరు చేసేవారు. వరసగా నిలబెట్టి తలో చేతిలో ఒక అంకె రాసిన కాయితం పెట్టేవారు. చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా సర్దాలి. ఇద్దరు అంకెలు మార్చుకోవాలంటే, ముందు ఒకరిది ఎవరైనా పట్టుకోవాలి. పట్టుకునేవాణ్ణి టెంప్ అంటారు, తాత్కాలికం అని. ఎప్పుడు చూసినా నేనే టెంప్. ఒకడి కాయితం అందుకోవడం, రెండోవాడికి అప్పగించడం, మళ్ళీ ఖాళీ చేతుల్తో నిలబడటం. నాగూర్‌కి ఇక పండగే. "మా టెంప్‌గాడికి ఏదీ నిలవదు సార్!" అనేవాడు. ఆ పేరే ఖాయమైపోయింది.

ఒకసారి పరధ్యానంలో కాయితం జారవిడిచాను. సారు తిట్టలేదు. వంగి తీసి మళ్ళీ నా చేతిలోనే పెట్టారు. "నీ చేతిలో ఉన్నది నీది కాదురా. కానీ అవతలివాడికి అందేదాకా జారనివ్వకు" అన్నారు. పాఠమే చెప్పారు పాపం, వేదాంతం చెప్పే మనిషి కాదు.

చివరి రోజు మెట్ల దగ్గర ఆపి, "పీజీ చెయ్యి. నేను దిగిపోయాక నా క్లాసు నువ్వే తీసుకోవాలి" అన్నారు. ఆ మాటకి నేనెంత పొంగిపోయానో! అప్పటికే మా తరవాత ఒక్కడూ చేరలేదు, మా బ్యాచ్ ఉందనే గ్రూపు ఉంచారు. పిల్లలంతా ఊళ్ళోకే బస్సు పంపే విజయవాడ కాలేజీలకి ఎక్కేస్తున్నారు. ఏ క్లాసు తీసుకోవాలో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ వేసవిలోనే, పిల్లల్ని తెస్తే సరి అని యాజమాన్యం ఆయనకి ఆఖరి అవకాశం ఇచ్చింది. పనీపాటా లేనివాణ్ణి, ఆయన్ని నా బండి మీద ఊరూరా తిప్పాను. ఒకింట్లో ఒకావిడ మా నాన్న అడిగిందే అడిగింది. సారు నన్ను చూపించారు. "మా స్టూడెంటే అమ్మా. బాగా చదివాడు. ఇంకా ఏమీ దొరకలేదు."

వీధిలోకొచ్చాక నాకు ఒళ్ళు మండిపోయింది. "నన్ను చూపించి ఎవర్ని చేర్పిస్తారు సార్?" అని అరిచాను.

"నువ్వు పక్కనే నిలబడి ఉంటే ఇంకోమాట ఎలా చెప్పనురా" అన్నారు.

ఆ ఏడాది ఎవరూ చేరలేదు. గ్రూపు ఎత్తేశారు. కంప్యూటర్లు పాత సామాన్ల బండెక్కాయి. ఆయన ఇంటిపట్టునే ఉండిపోయారు. ఆదివారాలు ఫోన్ చేసి, "ఏమైనా తగిలిందా?" అనేవారు. లేదు సార్ అంటే, "సరే, భోంచేశావా?" అనేవారు. పీజీ ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి.

ఆ రోజు మేం సారు ఇంటికి వెళ్ళేసరికి పాడె కట్టేశారు. మా బ్యాచ్ నుంచి వచ్చింది ముగ్గురం. ముందు ఆయన తమ్ముడూ బావమరిదీ, వెనక నాగూర్, ఇంకో క్లాస్‌మేటూ భుజం పట్టారు. కాలువ గట్టెక్కాక నాగూర్ జేబులో ఫోను ఆగకుండా మోగింది. వాడు పార్సిళ్ళు చేరవేసే పనిలో ఉన్నాడు.

"టెంపూ, కాసేపు పట్టుకోరా. మాట్లాడి వచ్చేస్తా."

వాడి పక్కనే పాడె కింద నా భుజం పెట్టి అందుకున్నాను. వాడు అవతలికెళ్ళి బతిమాలుకున్నాడు. తిరిగొచ్చి, "రమ్మంటున్నార్రా, లేకపోతే తీసేస్తారంట" అని కళ్ళు తుడుచుకుంటూ బండి వైపు వెళ్ళిపోయాడు.

నా దగ్గర్నుంచి అందుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. నాలుగడుగుల దూరంలో ముసలివాళ్ళు నడుస్తున్నారు. మా తరవాత బ్యాచ్ లేదు. వెదురు బొంగు భుజాన్ని కోసేస్తోంది. జారనివ్వకుండా నడిచాను.